ఎండుచేపల పంటుకి ఒక పొరుగు

శుద్ధ పాడ్యమి

ఈ చిట్టా రాయమన్నది లైసెన్సు కాగితం. "సలహాదారులు చిట్టా రాయవలెను, అడిగినప్పుడు చూపవలెను" అని ఉంది. ఎవరు అడుగుతారో, ఎందుకు అడుగుతారో లేదు. పందొమ్మిదేళ్ళు సర్కారు కొలువు చేసినదాన్ని కాబట్టి రాయమంటే రాయడం నాకు అలవాటే.

నా పేరు మంగతాయారు. నిన్నటి దాకా తేలూరు కట్టుబడి ఆఫీసులో గాలినీ పోటునీ కొలిచేదాన్ని. మాది సముద్రం మీద తేలే ఊరు, మూడువందల పన్నెండు పంటులు, అంటే బల్లకట్లు. ఒక్కో పంటు మీద ఒక కొట్టో, ఒక ఇల్లో, రెండూనో ఉంటాయి. ప్రతి అమావాస్యకీ తాళ్ళన్నీ విప్పి పంటుల్ని కొత్త వరసలో మళ్ళీ కట్టుకుంటాం. ఒకే చోట ఏడాది నిలబడితే గొలుసులు తుప్పుకి తెగిపోతాయి, అంచున ఉన్నవాళ్ళు కెరటాలకి చితికిపోతారు. ఎవరు ఎక్కడుండాలో చెప్పే పని మా ఆఫీసుది. ఇకనుంచి ఆ పని పొందికది. పొందికంటే ప్రతి పంటు స్తంభం మీదా పెట్టిన లెక్కల మర గొంతు. దానికి ఆకలెయ్యదు, పెన్షను అడగదు. మమ్మల్ని పదిహేడుమందినీ శాలువాలు కప్పి సాగనంపారు.

వచ్చిన డబ్బుతో చిన్న పడవ కొన్నాను. అడుగున పట్టిన గుల్లలు పొద్దుటి నుంచీ గీకాను. బోర్డు నేనే రాసుకున్నాను. "మంగతాయారు, వ్యాపార సలహాలు." మా ఆయన సత్తిరాజు మంచినీళ్ళ పడవకి మోటారు నడుపుతారు. బోర్డు చూసి, "తా దూర కంత లేదు, మెడకో డోలు" అన్నారు. తరవాత కొంచెం జాలిపడి, "నువ్వు జన్మలో ఒక్క అరటిపండైనా అమ్మేవా తాయారూ?" అని అడిగారు.

అమ్మలేదు. మధ్యాహ్నం అన్నం తింటున్నంతసేపూ అదే ప్రశ్న ముద్దకి అడ్డం పడుతూనే ఉంది.

శుద్ధ షష్ఠి

ఆరు రోజులైంది. ఈగలు తోలుకుంటున్నాననడానికి కూడా లేదు, నా పడవలో ఈగలకి తినేదేం లేదు.

మనుషులు రాక కాదు. మంగలి కొట్టాయన వచ్చి కుర్చీ ఎటు తిప్పితే గెడ్డం మీద ఎండ పడదో అడిగాడు. గంట సేపు గాలీ వెలుతురూ చూసి చెప్పాను. చాలా సంతోషించి, చల్లగా ఉండమని దీవించి వెళ్ళిపోయాడు. బట్టల కొట్టావిడ, బియ్యం పిండి మర ఆయన కూడా అలాగే అడిగి తెలుసుకుని వెళ్ళారు. డబ్బు మాట వాళ్ళు ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఎత్తాలని నోరు తెరుస్తాను. ఈలోపు లోపలి నుంచి ఎవరో, "పొందిక ఊరికే చెప్తుంది, నీకెందుకియ్యాలి?" అంటారు. ఆ అనేది నేనే.

పడవ కట్టుకున్నందుకు ఊరికి వారం వారం తాడు రుసుం ఇచ్చుకోవాలి. ఈ వారానిది మా ఆయన జేబులోంచి వెళ్ళింది. ఆయనేం అనలేదు. అంటేనే బాగుండేది.

పొందిక కంపెనీ నుంచి కాగితం వచ్చింది. నీళ్ళల్లో ఉన్న కొలత గొట్టాలకి పట్టిన నాచు గీకే ఉద్యోగం, నెల జీతం. అమావాస్యలోపు ఒప్పుకోవాలట. ఏ గొట్టాల మీద నేను పందొమ్మిదేళ్ళు లెక్కలు చూశానో, ఆ గొట్టాలే. కాగితం మడిచి పప్పు డబ్బా కింద పెట్టాను.

శుద్ధ అష్టమి

ఇవాళ నాకు మొదటి బేరం తగిలింది.

వచ్చినావిడ కంటే వాసన ముందొచ్చింది. ఎండుచేపల పంటు వీరవేణి గారు. ఊళ్ళో అందరికీ తెలిసినావిడే, ఎవరూ పక్కన నిలబడనిదీ ఆవిడ పక్కనే. అరవైకి దగ్గర పడ్డ మనిషి, నడుం మాత్రం గెడలా ఉంటుంది. పడవలోకి దిగి, చుట్టూ చూసి, బోర్డు చదివింది.

"నాకో పొరుగు కావాలమ్మాయ్," అంది.

సంగతి నాకు తెలిసిందే. పొందిక ఎక్కడ కట్టమన్నా, ప్రతి పంటుకీ కనీసం ఒక ఇష్టపు పొరుగు ఉండాలన్నది ఊరి కట్టుబాటు. అమావాస్యనాడు పేరు పిలిచినప్పుడు ఎవరో ఒకరు మనస్ఫూర్తిగా చెయ్యెత్తాలి, వాళ్ళకి మనం తాడు విసరాలి. వరసగా మూడు అమావాస్యలు ఎవరూ చెయ్యెత్తకపోతే ఆ పంటుని ఊళ్ళోంచి విడదీసి, మనిషిని గట్టుకి పంపేస్తారు. గట్టు మీద ఆవిడకి ఆరో అంతస్తులో ఒక గది ఇస్తారు. అక్కడ చేప ఎండబెట్టడానికి కిటికీ చువ్వలు తప్ప ఏం ఉండవు. ఆవిడ పేరు రెండు అమావాస్యలు పిలిచారు, రెండుసార్లూ చెయ్యి లేవలేదు. పిలిచింది మా ఆఫీసే, ఆ రెండుసార్లూ కాగితం మీద సున్నా చుట్టింది నేనే.

"నీ రేటెంత?" అని అడిగింది.

నీళ్ళు నమిలాను. "మీ ఇష్టమండి," అన్నాను.

"నా ఇట్టమైతే రెండు సావిడాయిలిత్తాను, కూరొండుకో," అంది. నవ్వలేదు. "నీ మాట కరీదు నీకే తెలవకపోతే, ఆ మాటని నేనెందుకినాలి? సెప్పు."

నాలుగు వేలన్నాను. అన్నాక నా చెవులు వేడెక్కాయి. ఆవిడ కొంగు ముడి విప్పి సగం ఇక్కడే పెట్టింది, మిగతా సగం అమావాస్యకి అంది. బేరమాడలేదు. పందొమ్మిదేళ్ళు నాకు జీతం ఇచ్చారు గానీ, నా మాటకి ధర కట్టమని అడిగిన మనిషి ఈవిడే.

శుద్ధ దశమి

మా ఊళ్ళో డబ్బు తీసుకుని సలహా చెప్పినవాళ్ళకి ఒక కట్టుబాటుంది. అమావాస్య దాకా తమ పడవని ఆ పంటుకే కట్టుకోవాలి, అక్కడే భోంచెయ్యాలి. మునిగినా తేలినా కలిసేనన్నమాట. చెప్పిన సలహా ఎలా పండిందో ఊరంతా వచ్చేపోయే దారిలో చూస్తుంది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు, ఈ ఊళ్ళో మాత్రం ఆ సామెత చెల్లదు.

కాబట్టి మకాం మార్చాను. మొదటిరోజు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకున్నాను, రెండోరోజుకి ముక్కు రాజీ పడింది.

ఆవిడ పని చూస్తూ కూర్చున్నాను. ఇరవైనాలుగు దండేలు, వాటి మీద సావిడాయి చేపలు వెండి రిబ్బన్లలా వేలాడతాయి. తెల్లారకముందే కడిగి, ఉప్పు పట్టించి, ఒక్కోదాన్నీ తోక కిందికి వచ్చేలా గుచ్చుతుంది. రోజుకి వందసార్లు ఆ వరసల మధ్య నడుస్తుంది. నడుస్తూ వేళ్ళతో తోకల్ని తాకుతూ పోతుంది, పిల్లల తల నిమిరినట్టు. అమ్మేటప్పుడు చేపని పొగడదు. "ఇది నిన్నటిది, ఇది మొన్నటిది, ఇది నీకొద్దు" అంటుంది. కొనేవాడు ఆ వద్దన్నదాని వైపు ఆశగా చూస్తాడు. ధర చెప్పేటప్పుడు కళ్ళు దించదు. ఒకాయన ఎక్కువ అంటే, "ఎక్కువే" అని ఊరుకుంది. ఆయన కొనుక్కుని వెళ్ళాడు.

ఈవిడకి నేను సలహా చెప్పాలి.

శుద్ధ త్రయోదశి

ఈ పేజీ ఎవరూ అడగకుండా ఉంటే బాగుణ్ణు.

మూడు రోజులు ఆలోచించాను, ఏమీ తోచలేదు. తోచిన ప్రతిదానికీ, "ఇది నీకెలా తెలుసు?" అని లోపలి గొంతు అడుగుతోంది. చివరికి ఇవాళ మధ్యాహ్నం ఆవిడ చేపల కోసం వేట పడవల దగ్గరికి వెళ్ళినప్పుడు, స్తంభం దగ్గరికి వెళ్ళి గొంతు తగ్గించి పొందికనే అడిగాను. ఎండుచేపల వాసన తగ్గే దారేమిటి అని. మూతలున్న అద్దాల పెట్టెల్లో ఎండబెడితే వాసన పది వంతుల్లో ఎనిమిది వంతులు తగ్గుతుందని అది చెప్పింది. చక్కగా, మర్యాదగా, ఊరికే చెప్పింది.

దాన్ని నా సలహాగా నేను ఆవిడకి చెప్పాను. పెట్టెలు అద్దెకి తెప్పించాం. ఆవిడ ఆ పెట్టెల్ని చూసి, "గాలెట్టా తగుల్తాది?" అని ఒక్క ముక్క అడిగింది. ఎండ సరిపోతుందన్నాను, నాకు తెలిసినట్టే.

పౌర్ణమి

సగం సరుకు పోయింది.

మూతలు తీస్తే లోపల చెమట పట్టి ఉంది. చేపల మీద బూజు, కొన్నిటికి పురుగు. పన్నెండు దండేల చేప. ఆవిడ ఒక్కోటీ ఎత్తి చూసి, నీళ్ళల్లోకి వదిలింది. కాకులు, కొంగలు ఊరంతటి నుంచీ వచ్చి చేరాయి. దారిన పోయే పడవలన్నీ ఆగి చూశాయి. డబ్బు వెనక్కిచ్చేస్తానని అన్నాను.

ఆవిడ చేతులు కడుక్కుని వచ్చి నాకు అన్నం పెట్టింది. చారు, కాల్చిన చేప. నేను కంచం ముట్టుకోలేదు.

"తిను," అంది. "తప్పు సెప్పినోళ్ళు కూడా అమాస దాకా ఈడే తినాలి. కట్టుబాటు నీకు తెలవదేటి?"

తిన్నాను. ఏడుస్తూ తిన్నానని రాయడానికి సిగ్గుగా ఉంది గానీ నిజం అదే. నష్టపోయింది ఆవిడ, ఓదార్పు నాకు. ఒక్క కటువు మాట అనలేదు. అంతటి ఓర్పు నేను ఏ మనిషిలోనూ చూడలేదు. మధ్యాహ్నానికి మిగిలిన చేపని మళ్ళీ దండేల మీద గుచ్చుతూ కూర్చుంది.

బహుళ పంచమి

పౌర్ణమి తరవాత నేను సలహాలు ఆలోచించడం మానేశాను. చేతనైన పని చేస్తూ కూర్చుంటే మతి నిలుస్తుందని పాత గాలి కొలత తెచ్చి పంటు మీద పెట్టుకున్నాను. గాలి ఎటు, ఎంత, వాన ఎప్పుడు పడిందీ ఎప్పుడు ఆగిందీ నిమిషాలతో రాశాను. ఆఫీసులో చేసిన పనే. అదొక విద్య అని నేనెప్పుడూ అనుకోలేదు.

ఇవాళ ఆ రాతలు చూస్తుంటే ఒకటి తట్టింది. ఈ అయిదు రోజుల్లో ఆరు జల్లులు పడ్డాయి. ఆరుసార్లూ వాన పడే పావుగంటకో ఇరవై నిమిషాలకో ముందే వీరవేణి గారు చేపలు లోపల పెట్టేసింది. ఒక్కసారి కూడా తడవలేదు. ఒక్కసారి కూడా ఊరికే తియ్యలేదు. అదే అయిదు రోజుల్లో పొందిక ఊరంతటికీ కలిపి "వాన అవకాశం నలభై శాతం" అని రోజూ ఒకే పాట పాడింది.

వెళ్ళి అడిగాను. "మీకెలా తెలుస్తుందండీ?"

ఆవిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "తోక మెత్తబడతాది కదా," అంది.

అంతేనట. ఉప్పు పట్టిన చేప గాలిలో తేమని పీల్చుకుంటుంది. వాన రాబోయే ముందు సావిడాయి తోక కొస మొదట మెత్తబడుతుంది. నా చెయ్యి పట్టుకుని ఒక తోక మీద పెట్టింది. నాకు ఏమీ తెలియలేదు. నలభయ్యేళ్ళు చేపలు తాకిన వేళ్ళు ఆవిడవి.

"ఇది పెద్ద విద్య పిన్నీ," అన్నాను. పిన్నీ అని ఎప్పుడు మొదలుపెట్టానో గుర్తులేదు.

"ఏడిసినట్టుంది. సేపలెండేసుకునేదానికి ఆ మాత్రం తెలవదా?"

తనకి బాగా తెలిసినదాన్ని ఎంత తేలిగ్గా తీసిపారేసిందో చూడండి. ఆవిడ అలా అంటుంటే, గాలి కొలత పట్టుకున్న నా చేతుల వైపు నేను చూసుకున్నాను.

బహుళ సప్తమి

ఊళ్ళో వానకి భయపడేవాళ్ళెవరు అని జాబితా రాశాను. మొదటి పేరు కుండల పంటు బుల్లబ్బాయి గారిది. నీటి అడుగు నుంచి ఒండ్రు మట్టి తోడి కుండలు చేస్తారు, పచ్చికుండలు ఆరుబయట ఆరాలి, జల్లు పడితే మట్టి ముద్దే. ఆయన పంటు ఊళ్ళోకెల్లా బరువైనది. ఈ ఆషాఢంలో గాలి నైరుతి నుంచి. ఆయన నైరుతి వైపు ఉంటే కెరటం ఆయన దగ్గరే విరుగుతుంది, చేపల వాసన ఆయనకి తగలకుండా ఈశాన్యంగా సముద్రం మీదికి పోతుంది. ఇది పొందికని అడిగి రాసింది కాదు, నాకు తెలిసి రాసింది.

ఆయన దగ్గరికి వెళ్ళాను. నా రాతలు శ్రద్ధగా చూశారు.

"బానే ఉందండి తాయారు గారూ. కానీ ఎండుచేపల పక్కనున్న కుండలో నీళ్ళు ఎవరు తాగుతారండీ? ఊళ్ళో నవ్వరా?" అన్నారు. కాదనలేదు. ఆలోచిస్తానన్నారు.

తిరిగి వస్తూ నేను ఉబ్బిపోయాను. ఉబ్బినప్పుడే తెలివి ఎక్కువవుతుంది. లైసెన్సు పాఠాల్లో ఒకటి చెప్పారు. అమ్ముకోదగ్గదాన్ని ఊరికే ఇవ్వకూడదని. పిన్నితో అన్నాను, వాన సంగతి ఎవరికీ చెప్పకండి, చెయ్యెత్తినవాళ్ళకే ఆ మాట అని.

"వాన సంగతి దాసుకుంటే పాపం కాదేటి?" అంది.

"వ్యాపారం పిన్నీ," అన్నాను.

"సర్లే. నాలుగు వేలకి ఒప్పుకున్నాను కదా, ఇంటాను," అంది.

బహుళ దశమి

మధ్యాహ్నం పిన్ని తోకలు తాకుతూ నడుస్తోంది. ఆగింది. బుల్లబ్బాయి గారి పంటు నాలుగు పంటుల అవతల కనిపిస్తోంది. పచ్చికుండలు వరసలుగా ఆరబెట్టి ఉన్నాయి. ఆవిడ అటు చూసింది, నా వైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను.

ఆవిడ తన చేపలు మాత్రం లోపల పెట్టుకుంది. వాన పద్దెనిమిది నిమిషాలకి వచ్చింది. నాలుగు వరసల కుండలు కళ్ళ ముందు కూలి ఎర్రనీళ్ళయి సముద్రంలోకి కారాయి. ఆయనా ఆయన భార్యా గోనెలు పట్టుకుని పరిగెట్టారు గానీ పదిహేనుకి మించి దక్కలేదు.

సాయంత్రం ఆయన పడవ వేసుకుని వచ్చారు. పంటు ఎక్కలేదు.

"మీ చేపలన్నీ పొడిగానే ఉన్నాయి. ఇవాళ కూడా ముందే తెలిసిందా అండీ?" అని నన్నే అడిగారు.

అబద్ధం చెప్పొచ్చు. "తెలిసిందండి," అన్నాను. "చెప్పొద్దన్నది నేను. ఆవిడ కాదు."

"మట్టి ముద్దయ్యాక మీ లెక్కలేం చేసుకోనండీ," అని పడవ తిప్పుకున్నారు. ఆయన కోప్పడటంలో తప్పేం లేదు, అందుకే నాకు ఆయన మీద మండింది.

పిన్ని ఆ పూట అన్నం తినలేదు. నాకు మాత్రం పెట్టింది.

బహుళ త్రయోదశి

ఇంటికి వెళ్ళి పప్పు డబ్బా కింది కాగితం తీశాను. సత్తిరాజు గారు కలం ఇచ్చారు, ఇచ్చి అక్కడే నిలబడ్డారు.

"నాచు గీకడం చిన్న పనేం కాదు," అన్నారు. కాగితం వైపు చూసి, "కానీ ఆవిడకి ఇంకా రెండు రోజులుంది కదా," అన్నారు. మెడకో డోలు అంటూ ఇన్నాళ్ళూ ఎగతాళి చేసిన మనిషి.

సంతకం పెట్టకుండానే కాగితం పట్టుకుని పంటుకి వచ్చాను. పిన్నికి అంతా చెప్పేశాను. అద్దాల పెట్టెలు పొందిక చెప్పిందని, వాన దాచడం పాఠాల పుస్తకం చెప్పిందని, ఈ పని నాకు చేతకాదని.

ఆవిడ చేప గుచ్చుతూ విన్నది. "మరి నైరుతి గాలి, బుల్లబ్బాయి పంటు బరువు, ఆ మాటెవరు సెప్పేరు?"

"అది నేనే."

"కొలిసి సెప్పేవా, బయపడి సెప్పేవా?"

"కొలిచే."

"మొదటి రెండూ?"

ఆ రెండూ భయపడి చెప్పినవే. ఆవిడ ఒక సావిడాయి నా ఒళ్ళో పెట్టి గుచ్చమంది. ఎల్లుండి తన పంటు ఊడిపోతుందని తెలిసిన మనిషి, నా పని నాకు నేర్పుతోంది. నాకు ఆవిడ పాదాలు ముట్టుకోవాలనిపించింది. చేతుల నిండా ఉప్పు, అందుకని ఊరుకున్నాను.

అమావాస్య

కంపెనీ కాగితానికి గడువు ఇవాళ సాయంత్రం. కాగితం నా రొంటిని ఉంది.

పొద్దున్న తొమ్మిదికి పోటు నిలిచింది. తాళ్ళన్నీ విప్పారు. ఊరంతా విడి విడి పంటులై నీళ్ళ మీద మెల్లగా కదులుతోంది. ఈ ఒక్కరోజూ తాళ్ళు లాగడానికి అడ్డమని పందిళ్ళన్నీ విప్పేస్తారు, సామాన్లన్నీ ఆరుబయటే ఉంటాయి. వడియాలు, ఉతికిన బట్టలు, నూనె తీసే కొబ్బరి, బుల్లబ్బాయి గారు ఈ నాలుగు రోజుల్లో మళ్ళీ చేసుకున్న కుండలు. ఆకాశం కడిగిన అద్దంలా ఉంది. స్తంభాల మీద పొందిక, "ఈ పూట వాన సూచన లేదు" అని రెండుసార్లు చెప్పింది.

పిలుపులాయన పడవ మీద నిలబడి ఒక్కో పంటు పేరూ పిలుస్తున్నాడు. చేతులు లేస్తున్నాయి, తాళ్ళు ఎగురుతున్నాయి. మా వంతు వచ్చింది.

"ఎండుచేపల పంటు, వీరవేణి. మొదటి పిలుపు."

ఎవరూ కదల్లేదు. 

"రెండో పిలుపు."

నేను బుల్లబ్బాయి గారి వైపు చూశాను. ఆయన చేతులు కట్టుకుని నీళ్ళల్లోకి చూస్తున్నారు. రెండో పిలుపుకీ మూడో పిలుపుకీ మధ్య వంద లెక్కపెట్టేంత గడువుంటుంది. ఊరంతా మా వైపే చూస్తోంది. పందొమ్మిదేళ్ళలో ఈ నిశ్శబ్దం ఎన్నిసార్లు విన్నానో, అప్పుడు కలం పట్టుకుని ఇవతల ఉండేదాన్ని.

పిన్ని ఆ చూపుల ముందు నిలబడలేక దండేల మధ్యకి వెళ్ళింది. చెయ్యి అలవాటుగా తోకల మీద నడిచింది. ఆగింది. ఇంకో తోక పట్టుకుని చూసింది. ఈసారి నా వైపు చూడలేదు.

"ఒరే బుల్లబ్బాయ్," అని కేక వేసింది. "కుండలెత్తుకో. వాన వత్తంది." తరవాత ఊరి వైపు తిరిగింది. "ఎండేసుకున్నోళ్ళందరూ లోపలెట్టుకోండి. పెద్దదే వత్తంది."

కొందరు ఆకాశం చూసి నవ్వారు. ఎవరో, పోతూ పోతూ శాపం పెడుతోందన్నారు. బుల్లబ్బాయి గారు ఆవిడ వైపు ఒక్క క్షణం చూసి, చేతులు విప్పి పరిగెట్టారు. భార్యాభర్తలిద్దరూ కుండలు లోపలికి చేరవేస్తుంటే, మొన్న ఎర్రనీళ్ళు చూసినవాళ్ళు వాళ్ళని చూసి కదిలారు. తరవాత ఇంకొందరు. పిలుపులాయన మూడో పిలుపు పిలవాలో వద్దో తెలియక నోరు తెరుచుకుని నిలబడ్డాడు. అందరూ సామాన్లు మొయ్యడంలో ఉంటే పిలుపు చెల్లదు మరి. నేను అలవాటు కొద్దీ గడియారం చూసుకున్నాను. నా సలహాని తోసేసి ఆవిడ కేక వేసింది. నా సలహా తప్పయినందుకు ఇంత సంతోషం ఇంకెప్పుడూ కలగలేదు.

ఇరవై రెండు నిమిషాలకి నైరుతి నుంచి మబ్బు దూసుకొచ్చింది. చినుకులు కావు, కుండపోత. ఊళ్ళో తడవాల్సినవి తడిశాయి, నా రొంటినున్న కాగితంతో సహా; తడవకూడనివి తడవలేదు. పావుగంట కొట్టి కొంచెం తగ్గింది. పోటు తిరగడానికి ఇంకా కాసేపే ఉంది కాబట్టి, పిలుపులాయన ఆ వానలోనే గొంతెత్తాడు.

"ఎండుచేపల పంటు, వీరవేణి. మూడో పిలుపు."

వడియాల పంటు ఆవిడ చెయ్యెత్తింది. బట్టలుతికేవాళ్ళు ఇద్దరూ ఎత్తారు. నూనె గానుగాయన ఎత్తాడు. వాళ్ళందరికీ వెనక, నీళ్ళోడుతున్న మట్టి చేతులతో బుల్లబ్బాయి గారు ఎత్తారు.

పిన్ని అటూ ఇటూ చూసింది. తాడు ఒక్కటే, విసిరేది ఒక్కరికే. పంటులు పోటుకి కదులుతున్నాయి. తడిసిన తాడు చుట్ట చేతిలో పట్టుకుని ఆవిడ నా వైపు తిరిగింది. రెండుసార్లు తప్పు చెప్పి, పన్నెండు దండేల చేప పోగొట్టి, ఆవిడ చేత పాపం చేయించినదాని వైపు.

"సెప్పమ్మాయ్. ఎటెయ్యను?"

వడియాల ఆవిడ దగ్గరగా ఉంది, నవ్వుతోంది. కానీ ఆవిడ తూర్పు వైపు, వాసన నేరుగా వడియాలకే, పదో రోజుకి తగువు. గానుగ పంటు తేలిక, కెరటానికి ఆగదు. బట్టలవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. బుల్లబ్బాయి గారి మీద నాకింకా సిగ్గూ కోపమూ రెండూ ఉన్నాయి, ఆయన మొహం నెల పొడుగునా చూడాలంటే కష్టమే. అయినా గాలి నైరుతిదే, బరువు ఆయనదే.

"బుల్లబ్బాయి గారికి," అన్నాను.

ఎందుకని ఆవిడ అడగలేదు. కాలు ముందుకు వేసి, తాడు ఆయన వైపు విసిరేసింది.